పిన్ని వడ్డాణం

కొండల్లోని డుంబ్రిగుడకు బస్సులు లేని రోజుల్లో మా బాబాయి అక్కడ కొట్టు పెట్టాడు. సంతకొచ్చే వాళ్లకు తన దర్జా కనపడాలని పిన్నికి బంగారు వడ్డాణం పెట్టి, అరుగు మీద నగిషీల టేకు కుర్చీలో కూర్చోబెట్టేవాడు. రెండూ ఆయన ముచ్చటపడి చేయించినవే. పొద్దుగూకేదాకా లేవనిచ్చేవాడు కాదు. పిన్ని వడ్డాణం కింద బొటనవేలు దూర్చి ఊపిరి పీల్చుకునేది.

ఒకసారి, మెడకు ఇత్తడి కడియాలు బిగించుకున్న కొండావిడను పిన్ని అడిగింది.

"ఇయ్యెప్పుడు తీత్తావే?"

"సచ్చినాకే తీత్తారమ్మా. మరి నీదో?"

"పొద్దుగూకితే మీ సావుకారే ఇప్పుతాడు."

"అయితే నువ్వెల్లిపోవొచ్చు గదా!" అని ఆవిడ సంబరపడింది.

ఆ సాయంత్రం బాబాయి వడ్డాణం విప్పి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పిన్ని కుర్చీలోంచి లేవలేదు. ఖాళీ నడుము మీద ఆమె బొటనవేలు ఇంకా సందు వెతుకుతూనే ఉంది.