రెండు దిక్కుల నుంచి తెరిచే కార్డు

ఈ చలికాలం మొదట్లో నా భార్య దవాఖానలో కన్నుమూసింది. కబురు చాలామందికి ఫోన్‌లోనే చేరింది. ఆమె తమ్ముడు ఒక బొమ్మ తయారుచేసి పంపాడు. పైన పూలు, కింద ఆమె మంచితనం గురించి నాలుగు మాటలు, అట్టడుగున జనాజా, అంటే అంతిమయాత్ర, బయల్దేరే వేళ. బొమ్మను నొక్కి తెరిస్తే గాని వేళ కనబడదు.

పాలకుర్తి నుంచి ఆమె అక్క వచ్చేసరికి జనాజా వెళ్లిపోయింది. వదినకు చివరిచూపు దక్కలేదు. ఫోన్ చూపించి నన్ను అడిగింది.

"తమ్మీ, టైం ఏడుండె? నాకు పూలే కనవడె."

బావమరిది తల దించుకున్నాడు.

నా భార్య పని పోస్టర్లకు, కార్డులకు పేజీలు కూర్చడం. కాశిబుగ్గలో మా ముందుగదిలోనే కంప్యూటర్. పోస్టరు నమూనా గోడకు అంటించి, నన్ను బండి మీద దాని ముందు నుంచి పొమ్మనేది. ఏం చదివానో అడిగేది. అంతా చదివానంటే నమ్మేది కాదు. "మీరు డిగ్రీ చదివినోళ్లు, మీతోని లెక్క గాదు" అని పక్కింటి అవ్వను ఆటోలో దాని ముందు తిప్పించేది.

ఫోన్‌కు పంపేవాటిలో వేళ, చోటు అన్నిటికన్నా పైన పెట్టేది. ఫోన్ మీద బొటనవేలు ఆగదు, అది ముందుకు పోయేలోపే చెప్పాలనేది.

మా వాళ్ల షాదీ కార్డులు వేరే రకం. తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి. కుడి నుంచి ఉర్దూ, ఎడమ నుంచి తెలుగు. నడుమ కొంత తెల్లగా వదిలేది. ఉత్త జాగ ఎందుకు, గులాబీ పెట్టమని ఒకాయన పట్టుబట్టాడు.

"ఇద్దరు రెండు దిక్కులకెళ్లి చదువుకుంట వస్తరు. కలిసినకాడ జర ఆగాలె గదా" అంది.

అదే కార్డు ఫోన్‌లో ఒకటి మీద, ఒకటి కింద అవుతుంది. కిందపడ్డ భాష వాళ్లు చిన్నబుచ్చుకుంటారని రెండు బొమ్మలు చేసి ఎవరిది వాళ్లకు పంపేది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు బావమరిది మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్క ఎట్ల చేసేదని నన్ను అడిగి అడిగి చేశాడు. ఫోన్‌లకు రెండు బొమ్మలు, వేళ పైన. దగ్గరివాళ్లకు రెండు దిక్కుల నుంచి తెరిచే కాగితం కార్డు. నడుమ ఖాళీలో పూలు వేద్దామా అని ప్రెస్సు అతను అడిగితే, నేను నోరు తెరవకముందే బావమరిదే వద్దన్నాడు.

ఆ రోజు వదిన అందరికంటే ముందే వచ్చింది. ఆమె, పక్కింటి అవ్వ ఒకే కార్డు పట్టుకుని చాప మీద కూర్చున్నారు. వదిన వేలు కుడి నుంచి, అవ్వ వేలు ఎడమ నుంచి మెల్లగా జరుగుతూ వచ్చి, నడుమ తెల్లజాగ దగ్గర ఆగాయి.