అక్క ఊపిరి తీసుకునేంత సేపు

చర్చిలో మా అక్క పాట ఎత్తుకుంటే వెనక నేను గిటారు మీటేవాణ్ణి. నాకు వచ్చింది తీగలు నొక్కి పట్టే పిడికెడు పట్లు. ఆ మాత్రానికే గిటారిస్టునని ఊళ్లో తిరిగేవాణ్ణి.

అక్క చాలా ఏళ్లు నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇక తగ్గేది కాదని కడప డాక్టరు చెప్పాడు. పాడొద్దని కూడా చెప్పాడు. అక్క ఆ మాట వినలేదు. అయితే చరణం అయ్యాక తల వంచుకుని కాసేపు ఊపిరి కూడదీసుకోవాలి. మా చర్చి పెద్దమ్మలు ఆగే రకం కాదు. పల్లవి ముగిసిందో లేదో చప్పట్లు కొడుతూ తర్వాతి చరణంలోకి దూకేస్తారు. మధ్యలో గిటారు బిట్ మోగితేనే వాళ్లకు కళ్లెం.

ఫోన్లో వీడియోలు చూసి ఒక బిట్ బట్టీపట్టాను. ఆదివారం తప్పు పోకుండా వాయించాను. నా బిట్ అయిపోయింది గానీ అక్క ఆయాసం తీరలేదు. అయినా చరణం అందుకుంది, దగ్గు ముంచుకొచ్చి కూలబడింది. ఇంటికొచ్చాక తీగలు బాగాలేవని సణిగాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"బట్టీపట్టింది వాయించద్దురా" అంది అక్క. "నన్ను చూస్తా వాయించు. నేను తల ఎత్తేదాంకా నిలపద్దు."

అదే నాకు పాఠమైంది. అయిదు స్వరాలు పట్టుకుని వాటిలోనే తిరగడం, పోయిన దారిన కాకుండా వేరే దారిన వెనక్కి రావడం. స్వరం తప్పితే దాన్నే మళ్లీ వాయించి, కావాలనే వాయించినట్టు మొహం పెట్టడం. కళ్లు మాత్రం అక్క భుజాల మీదే. అవి ఎగిరెగిరి పడుతుంటే ఇంకాస్త సాగదీసేవాణ్ణి.

నెలలు గడిచేకొద్దీ నా బిట్లు పొడుగయ్యాయి. పెద్దమ్మలు ఆగి వినడం మొదలుపెట్టారు. "శానా బాగా వాయిస్తాండావప్పా" అని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. నా బిట్ ఎందుకు పెరుగుతోందో ఆమెకు తెలియదు.

చివరి ఆదివారం అక్క తల ఎత్తలేదు. కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది. ఎంతసేపు వాయించానో నాకే తెలియదు. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు పాటలు ఎత్తుకునేది మా పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు. మంచి గొంతు, మంచి ఊపిరి. నేను తీగ మీద వేలు పెట్టానో లేదో చరణం అందుకుంటుంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమెకు ఆగాల్సిన పని లేదు.