తోడికోడలి డబ్బాలో చూర్ణం

అమ్మవారి ఊరేగింపు ఇంకా గడప దాటకముందే, వీధంతా చూస్తుండగా, పట్టుచీర కుచ్చిళ్లు పైకెత్తి బాత్రూంలోకి పరుగెత్తిన ఆడది ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తానికి ఒక్కతే ఉంది. అది నేనే. కారణం అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: కుళ్లు. అచ్చమైన, స్వచ్ఛమైన, కల్తీలేని కుళ్లు.

ఎవరి మీదనుకున్నారు? నా తోడికోడలు సుజాత మీద. మా ఆయన, మరిది, ఇద్దరూ రైల్వే వర్క్‌షాపులోనే పని. ఒకటే క్వార్టర్, ఒకటే వంటిల్లు, ఇద్దరి మీదా ఒకటే అత్త. నెలసరి వస్తే మూడు రోజులు పొయ్యి ముట్టకూడదు, దేవుడి గది తొక్కకూడదు. ‘దూరం’ అంటాం. ఆ అగ్గిపెట్టెంత ఇంట్లో దూరమంటే ఎంత దూరమని పోతాం? వెనక వరండాలో ఒక మంచం, అంతే. దాని మీద ఎవరు పడుకున్నారో పక్క లైను క్వార్టర్ల వాళ్లక్కూడా తెలిసిపోతుంది.

సుజాత ప్రతినెలా ఒకే తారీఖున ఆ మంచమెక్కేది. నాది మాత్రం రెండు నెలలకో, మూడు నెలలకో, దాని దయ. అంటే ఆవిడ నెలనెలా నడుం వాలుస్తుంది, నేను నెలనెలా ఆవిడ వంతు గరిటె కూడా తిప్పుతాను. దీనికి తోడు మా అత్త పోలికలొకటి.

“సిన్నదాన్ని సూడు. రైలు తప్పినా దాని తారీఖు తప్పదు. నీదేటే, గూడ్సు బండి! ఎప్పుడొస్తాదో డ్రైవరుకే తెల్దు.”

సరే, గూడ్సు బండి అంటే పడ్డాను. కానీ మా అమ్మవారి పండగ ‘మాతా పూజ’ దగ్గర మాత్రం కడుపు మండిపోయేది. మా వీధిలో ఇంటికో ఘటం లేస్తుంది. పసుపు నీళ్ల కుండ, వేపరొట్ట, ముందు డప్పులు. పెద్ద కోడలిగా దాన్ని ఎత్తుకునే హక్కు నాది. కానీ ఆ రోజుకి ‘దూరం’ కానని ఖాయంగా చెప్పగలిగేది సుజాతే కదా! ఏటేటా ఘటం ఆవిడ నెత్తి మీద, నేను వెనకాల కొబ్బరికాయల సంచితో. ఆ సంచి మోస్తూ నేను పళ్లు నూరిన చప్పుడుకి డప్పులు అవసరం లేదు.

ఆ పళ్లు అరిగిపోకముందే ఊళ్లోనే ఇందా పేటలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ పరీక్షలు చేయించి, హార్మోన్ల తూకం తప్పిందని చెప్పింది. “రోజూ నడవండి దీదీ, వేళకి నిద్రపోండి, తీపి తగ్గించండి, మళ్లీ వచ్చి కనపడండి. ధీరే ధీరే హోగా” అంది. నెమ్మదిగా అవుతుందట.

ధీరే ధీరేనా! అది అయ్యేలోగా సుజాత ఇంకెన్ని ఘటాలు మోసేస్తుందో! నడకా మానేశాను, నిద్రా మానేసి ఫోన్లో వీడియోలు చూశాను. గింజలు తింటే హార్మోన్లు దారికొస్తాయని ఒకావిడ చెబుతోంది. అవిసె గింజలు, మెంతులు, నువ్వులు. రావలసినప్పుడు తెస్తాయట, రాకూడనప్పుడు ఆపుతాయట. స్టేషన్ మాస్టరు కూడా అంత బాగా సిగ్నలివ్వలేడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా కంట పడింది ఒక స్టీలు డబ్బా. సుజాత తెల్లారగట్టే లేచి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి దాన్ని తీసి, చెంచాడు పొడి గోరువెచ్చటి నీళ్లతో మింగి, మళ్లీ దాచేస్తోంది.

“ఏటే అది?” అన్నాను.

“ఏటీ లేదక్కా” అంది, ముఖం ఎర్రగా చేసుకుని.

ఏటీ లేకపోతే దాచడమెందుకు? ఆవిడ స్నానానికెళ్లగానే మూత తీసి వాసన చూశాను. అవిసెలున్నాయి. మెంతులున్నాయి. ఇంకేదో ఆకు పొడి కూడా ఉంది. అమ్మ దొంగా! ఇదన్నమాట నీ తారీఖు రహస్యం! పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, తోడికోడలి చూర్ణం ముందు అదెంత? రోజూ ఒక చెంచా కొట్టేయడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకే పొట్ట తేలికైంది. ఒంట్లో విషమంతా పోతోందని మురిసిపోయాను చూడండీ, ఆ మురిపానికే నన్ను కొట్టాలి.

పండగ ముందురోజు పొద్దున్నే సుజాత దిగులుగా వరండా మంచమెక్కింది. తారీఖు! ఆ ఏడాది తారీఖూ పండగా ఢీకొన్నాయి.

“ఇంకేటి సేస్తాం. పెద్దదానా, రేపు ఘటం నువ్వే ఎత్తాల” అంది అత్త. “నీ గూడ్సు బండి రేపే రాదు గదా?”

“రాదత్తా!” అనేశాను గానీ, నాకే నమ్మకం లేదు. ఇన్నేళ్లకి దొరికిన ఘటం చేజారితే? రాకూడనప్పుడు ఆపుతాయన్న మాట గుర్తొచ్చింది. ఆ సాయంత్రం చెంచా పక్కన పెట్టి, గుప్పెడు పొడి నోట్లో పోసుకున్నాను.

తెల్లారింది. పట్టుచీర కట్టాను, కాళ్లకి పసుపు రాశాను. అత్త ఘటం నా నెత్తిన పెట్టింది. డప్పు మీద మొదటి దెబ్బ పడింది. లోపల నా పొట్టలో రెండోది పడింది.

“అత్తా...”

“నడవ్వే!”

“అత్తా, నడవలేను. ఎవరైనా పట్టుకోండి!”

ఇక ఆగేలా లేదు. ఘటం ఒరిగిపోతోంది. వరండాలోంచి సుజాత ఒక్క గెంతు గెంతి దాన్ని అందుకుంది. నేను ఇందాక చెప్పిన పరుగు పరుగెత్తాను. మిగతా కథంతా బాత్రూం తలుపు వెనక కూర్చుని విన్నాను.

“ఓలమ్మో! దూరంగున్నదానివి ఘటం ముట్టుకున్నావేటే!” అత్త కేక. డప్పులు ఆగిపోయాయి.

“నాను దూరం కాదత్తా!”

“కాదా? మరి నిన్న మంచమెందుకెక్కినావు?”

“ప్రతినెలా ఎక్కుతాను గదా! నాకూ అక్కలాగే ఎప్పుడొస్తాదో తెల్దు. నెలకి మూడు రోజులైనా నడుం వాల్సకపోతే ఎలగ? అందుకే ఒక తారీఖు పెట్టేసుకున్నాను. ఈయేడు పండక్కొచ్చి పడిపోనాది.”

నేను లోపల్నుంచి ఉండబట్టలేక అరిచాను. “మరి ఆ డబ్బాలో పొడేటే?”

“అది... విరోచనం అవ్వక తింటున్నానక్కా. సునాముఖి ఆకు కలిపినాను. నువ్వు గానీ తిన్లేదు గదా?”

నేను నోరు తెరిచేలోపే జవాబు నా పొట్టే చెప్పింది. డప్పులవాళ్లు నవ్విన నవ్వు పక్క లైనుదాకా వినిపించిందట.

ఇప్పుడు అత్త సుజాతని చీల్చి చెండాడుతుందని చెవులు రిక్కించాను. నిజం చెప్పొద్దూ, ఆ స్థితిలో కూడా నాకదే ఆశ. వచ్చింది మాత్రం అత్త గొంతు, మెల్లగా, తలుపుకి దగ్గరగా:

“ముప్పై ఏళ్లు ఒంట్లో బాగునేకపోయినా ఒండి పెట్టినాను. ఈ ఉపాయం నాకెందుకు తట్టనేదే పెద్దదానా?”

ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది కోపం కాదు, నికార్సైన కుళ్లు. మా అత్తా నేనూ ఒక్క మాట మీద నిలబడింది ఆ రోజే, అదీ మధ్యలో తలుపు పెట్టుకుని.

ఘటం సుజాతే మోసింది, మళ్లీ. నేను తర్వాత బుద్ధిగా డాక్టరు చెప్పినట్టే నడుస్తున్నాను, నిద్రపోతున్నాను, ధీరే ధీరే దారికొస్తున్నాను. కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంకెప్పుడూ ఏ ఆడదాని ఆరోగ్యం చూసీ కుళ్లుకోను. కుళ్లుకున్నా, ఆవిడ దేనికోసం మింగుతోందో అడక్కుండా, ఒక్క చెంచా కూడా ముట్టను.