బ్యాంకులో బతికున్న మనిషి

మా ఆయన పోయాక ఆయన్ని మర్చిపోనిది క్రెడిట్ కార్డు బ్యాంకొక్కటే. చుట్టాలు పెద్దకర్మ భోజనాలు చేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆయనతో పాటు హార్బరుకి లారీలు తోలినవాళ్ళు కొన్నాళ్ళు తలుచుకుని మానేశారు. బ్యాంకు మాత్రం మానలేదు. పొద్దున్నే నేను చెప్పులేసుకునే వేళకి ఆయన ఫోను మోగేది. ఆ నంబరు తీసేయిద్దామంటే అత్త ఒప్పుకుంటేగా! ఫోనెత్తితే అవతల ఒకమ్మాయి మలే భాషలో ఎంతో మర్యాదగా, "సార్ ఉన్నారా?" అనేది.

"లేరు, బయటికెళ్ళారు" అనేదాన్ని. అది అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆయన పుట్టినరోజు నాడు బ్యాంకు నుంచి శుభాకాంక్షలు కూడా వచ్చాయి. నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా ఉండాలట. కేకు కొంటే ధర కూడా తగ్గిస్తారట. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తకి చదివి చెప్తే ఆవిడ మొహం విప్పారింది. "సూసినావేటే, ఆళ్ళకైనా గుర్తున్నాడు" అని లేచి సేమ్యా పాయసం కాచింది. ఒక గిన్నె నాకిచ్చింది, ఒకటి తను తీసుకుంది, ఇంకొకటి బల్ల దగ్గర ఆయన కూర్చునే చోట పెట్టింది. నేను తల వంచుకుని తింటున్నాను. ఆ మూడో గిన్నెలోంచి ఆవిరి పోయేదాకా అత్త దాన్నే చూస్తూ కూర్చుంది.

మాకు పిల్లల్లేరు. మలేషియాలో, పోర్ట్ క్లాంగ్‌లో అద్దె ఫ్లాటులో ముగ్గురం ఉండేవాళ్ళం, ఇద్దరం మిగిలాం. నేను ఒక గోడౌన్‌లో గుమాస్తాని. ఆయనకి ఒక కంటైనర్ లారీ ఉండేది. డీజిలూ, టైర్లూ, రిపేర్లూ అన్నీ కార్డు గీకి నడిపించేవాడు. అత్తది సుంగై సుమున్, అక్కడ తోటల ఎస్టేటులో కూలిపని. ఎస్టేటు మూతపడ్డాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. చిన్నప్పటినుంచి చుట్టలు కాల్చి కాల్చి ఆవిడ గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయింది. ఆయనదీ అదే గొంతు, అదే దగ్గు. ఆ దగ్గుతోనే పోయాడు.

పెద్దకర్మ నాడు జరిగింది చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. సముద్రం ఒడ్డున పిండం పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో తీరనిది ఉందని మావాళ్ళ లెక్క. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఫలానాది నేను చూసుకుంటాను, బెంగపడకు అని పైకి చెప్పాలి. పోర్ట్ క్లాంగ్‌లో కాకులకి కరువా! పళ్ళెంలో అన్నం పెట్టుకుని తల తిప్పితే చాలు, ఎత్తుకుపోతాయి. మునిసిపాలిటీ వాళ్ళు తుపాకులు పట్టుకుని తిరిగినా తరగవు. ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి దిగలేదు. చెట్ల మీద బారులు తీరి కూర్చున్నాయి. అరుపు లేదు, రెక్క కొట్టుకోవడం లేదు. అన్నీ మా వైపే చూస్తున్నాయి.

"నన్ను నీ పెళ్ళాం సూసుకుంటాది లేరా నాయనా" అంది అత్త. రాలేదు. "లారీ మంచోడికే అమ్ముతాన్రా" అన్నాడు ఆయన మేనమామ. రాలేదు. పోటు పెరిగి నీళ్ళు మా కాళ్ళ దాకా వచ్చేస్తున్నాయి. అందరూ తిరిగి నన్ను చూశారు. నా నోటెంట నేననుకోని మాట వచ్చింది. "నీ అప్పులు నాను తీరుస్తాను. ఆపను."

మాట పూర్తయిందో లేదో, ఒక కాకి దిగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ కాకి తింటున్నంతసేపూ అన్నం వంక చూడలేదు. నా వంకే చూసింది.

ఇక కట్టడం మొదలుపెట్టాను. లారీ అమ్మిన డబ్బు లారీ మీదున్న బాకీకే పోయింది. నా జీతం చాలలేదు. నా కార్డు మీద డబ్బు తీసి ఆయన కార్డుకి కట్టాను. అది నిండిపోతే ఇంకో బ్యాంకు కార్డు తీసుకుని, దానితో రెండిటికీ కట్టాను. గోడౌన్‌లో పొద్దస్తమానం అంకెలు సరిచూసే మనిషినే, ఇంటికొచ్చి ఈ బుద్ధిలేని పని చేశాను. కట్టిన రోజు సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టుండేది. కట్టడం ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే వంటింట్లో నిలబడ్డా ఎవరో వెనకాల ఉన్నట్టుండేది. ఎవరికి చెప్పుకోను? చెప్తే నవ్వుతారు.

చివరికి ఇంటద్దె బాకీ పడింది. ఇంటాయన చీనా ముసలాయన, మంచివాడే. గుమ్మం దగ్గరే నిలబడి, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర లా తగిలించి, "అమ్మా, నాకూ ఖర్చులున్నాయి లా. ఇంకో నెల చూస్తాను, తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను" అన్నాడు. నాదేముంది, ఎక్కడో ఒక గదిలో తల దాచుకుంటాను. ఆ వయసులో అత్తని ఎక్కడికి తీసుకెళ్ళను?

ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. తమిళావిడ, నాకన్నా బాగా చిన్నది. నా కథంతా విని, ముఫ్లిస్ తప్ప దారి లేదంది. ఇక్కడ దివాలాని అందరూ ముఫ్లిస్ అనే అంటారు. "ఇవాళ్టి నుంచి ఏ కార్డూ గీకకండక్కా. అప్పు తెచ్చి అప్పు కట్టకండి. ఒక బ్యాంకుకి కట్టి ఇంకోదానికి మానేస్తే అది తర్వాత తలనొప్పి. ఒక రోజు అనుకోండి, ఆ రోజున అన్నీ కలిపి ఆపేయండి. చేతిలో ఉన్నది ముందు అద్దెకీ, తిండికీ, కోర్టులో కట్టాల్సిన డిపాజిట్‌కీ" అంది. అంతా తమిళంలోనే, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

తర్వాత ఆయన కార్డు చూసి, "ఇదెవరిది?" అంది.

"మా ఆయనది. పోయారు."

"మీరు హామీ సంతకం పెట్టారా?"

"లేదు."

"మరి ఎందుకు కట్టారక్కా! ఆయన కార్డు అప్పు ఆయన వదిలివెళ్ళిన ఆస్తి ఏమైనా ఉంటే దానిలోంచి వసూలు చేసుకోవాలి. మీ జీతం జోలికి రాకూడదు. ఆయన పోయిన సంగతి బ్యాంకుకి అసలు చెప్పారా?"

చెప్పలేదు. చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో! "సార్ ఉన్నారా?" అని ఆ పిల్ల అడిగే ఆ ఒక్క క్షణం నాకు కావాలి. ఆ క్షణంలో ఆయన బయటికెళ్ళిన మనిషే, పోయిన మనిషి కాదు. ఈ ముక్క లాయరమ్మకి చెప్పలేక, కాకి సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. కలం కింద పెట్టింది.

"మా నాన్నకి కూడా రాలేదు" అంది.

"మీరేం మాటిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు. చాలాసేపు చూసి ఇంటికొచ్చేశాం."

"తర్వాత?"

"తర్వాతేముందక్కా, అన్నాలు తిన్నాం" అంది. కానీ నా మొహంలోకి చూడకుండా అంది.

సంవత్సరీకం దాకా కట్టి అప్పుడు ఆపుతానని బేరం పెట్టాను. "అప్పటిదాకా మీ ఇంటి యజమాని ఆగుతాడా?" అందావిడ. ఆగడు. ఆ ప్రశ్న వారం పది రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. జీతం పడిన రోజు మధ్యాహ్నం ఇంటాయనకి అద్దె పంపేశాను. మిగిలింది పక్కన పెట్టాను. ఆయన కార్డుకీ నా కార్డులకీ ఒక్క సెన్, ఒక్క పైసా కూడా కట్టలేదు. నా దివాలా కాగితాలు ఆ తర్వాత కోర్టుకెళ్ళాయి, అదంతా సంతకాలూ స్టాంపులూ తప్ప ఏమీ కాదు. అసలు కష్టం ఆ రోజు కట్టకుండా ఫోను పక్కన పెట్టడమే.

అత్తకి చెప్పలేదు. ఏమవుతుందా అని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. అదే ఎక్కువ భయమేసింది. కాకులు ఎప్పటిలాగే అరిచాయి, కింద పిల్లలు ఎప్పటిలాగే బంతాడారు. ఇంట్లో మాత్రం అత్త మాట తగ్గిపోయింది. నేను గుమ్మంలోకి రాగానే చేస్తున్న పని ఆపి నన్నే చూసేది. ఏం అత్తా అంటే ఏటీ నేదనేది.

ఒక పొద్దున బ్యాంకు అమ్మాయి ఫోను చేసింది. నేను మామూలుగా, "సార్ బయటికెళ్ళారు" అన్నాను.

"తెలుసండీ. నిన్న సార్‌తో మాట్లాడాను" అంది.

"ఎవరితో?"

ఆయన పేరూ మా మామగారి పేరూ కలిపి పూర్తిగా చదివింది. "ఈ నెల కొంచెం ఆలస్యమైందట. శుక్రవారం తప్పకుండా కడతానన్నారు."

అడగకూడదని తెలుసు, అయినా అడిగాను. "గొంతెలా ఉంది?"

"దగ్గు ఎక్కువగా ఉంది. డాక్టరుకి చూపించండి" అంది.

ఆ రోజు పనిలో ఒక్క అంకె కుదరలేదు. పక్క సీటు ఆవిడ ఏదో అడిగితే కసురుకున్నాను. నేను మాట తప్పాను, ఆయనే వచ్చి తన అప్పు తాను ఒప్పుకుంటున్నాడు. ఇదే తిరుగుతోంది బుర్రలో. ఛీ, ఏం మనిషివే నువ్వు, చదువుకున్నదానివి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే భయం పోతుందా! తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే బస్సెక్కేశాను.

మా ఫ్లాటుకి లిఫ్టు లేదు. మెట్లెక్కుతుంటే పైనుంచి దగ్గు వినబడింది. పొడిగా రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకోవడం. ఆ దగ్గుతో ఎన్నేళ్ళు కాపురం చేశాను, నాకు తెలియదా! రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత మాట వినబడింది. మా ఇంట్లోంచే. ఆయన గొంతే. ఆయన మలే మాట్లాడే తీరే, ప్రతి మాట చివరా "లా" తగిలించి, లోపల కొంచెం నవ్వుతున్నట్టు.

"యా లా, యా లా. శుక్రవారం కడతాను. నేను మాట తప్పేవాణ్ణి కాదు."

తాళం తీశానో, తలుపే తెరిచి ఉందో గుర్తులేదు. ఆయన కుర్చీలో అత్త కూర్చుని ఉంది. ఆయన కూర్చున్నట్టే, ఒక కాలు పైకి మడిచి. ఆయన చొక్కా తన చీర మీద తొడుక్కుంది. ఫోను చెవి దగ్గరుంది. నన్ను చూసి ఆగలేదు. నా కళ్ళలోకి చూస్తూనే ఇంకోసారి ఆయనలా దగ్గింది.

"అత్తా! ఏటి సేస్తన్నావు?"

ఫోను ఒళ్ళోకి దించింది. అప్పుడు తన గొంతు వచ్చింది. "నువ్వు కట్టడం మానేసినావు కదేటే. ఆళ్ళ మాటల్లో తెలిసిపోనాది. నా కొడుకు మాట తప్పినోడని ఆళ్ళనుకోరేటి? అందుకే ఆడి బదులు నాను సెప్తన్నాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆళ్ళు అడుగుతన్నారే. ఉన్నాడా, ఉన్నాడా అని అడుగుతన్నారు. నేడని ఎలా సెప్పీది?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆవిడ మీదో, ఆయన మీదో, ఆ కాకి మీదో తెలియదు. "సచ్చిపోనాడత్తా!" అని అరిచాను. "నీ కొడుకు సచ్చిపోనాడు! కట్టినా రాడు, మానేసినా రాడు!" ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఇద్దరం "ఎల్లిపోయినాడు" అనేవాళ్ళం, అంతే. అన్నాక గోడకి ఆనుకున్నాను.

ఫోను ఇంకా పెట్టేయలేదు. ఒళ్ళోంచి ఆ పిల్ల "హలో, సార్? సార్?" అంటూనే ఉంది. ఇవ్వమని చెయ్యి చాపాను. అత్త ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. ఈసారి తన గొంతుతోనే, ఎస్టేటులో నేర్చుకున్న విరుపుల మలేలో చెప్పింది.

"అనక్ సాయా సుడా మాతి."

నా కొడుకు చచ్చిపోయాడని. మరి ఇన్నాళ్ళూ నాతో మాట్లాడిందెవరని ఆ పిల్ల అడిగింది. "నానే" అంది అత్త తెలుగులో, మళ్ళీ మలేలో, "సాయా. మాట్లాడింది నేనే. వాళ్ళమ్మని." ఇంకేదో విని, ఫోను నా వైపు తిప్పి, "కాగితం పంపమంటంది. సచ్చిపోనాడని కాగితం" అంది.

"పంపుతానత్తా."

"పంపితే ఇంక ఫోను సెయ్యరేటే?"

"సెయ్యరు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ సెయ్యరత్తా."

అత్త ఆ చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. "అయితే ఇంకాడ్ని అడిగీవోళ్ళెవులే?" అంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. కొడుకు పోయిన రోజున ఏడవాల్సిన ఏడుపు ఆవిడ అప్పుడు ఏడ్చింది.