కుడి కాలి చెప్పు

సమ్మె ఐదో రోజు మధ్యాహ్నం కోదాడ డ్రైవరొకాయన ఒక చెప్పును కర్రకు తగిలించుకుని మా టెంటులోకి వచ్చాడు.

"టీ కొట్టు కాడ దొరికింది. కుడికాలిది. ఆ ఎడమది కూడా ఇచ్చేస్తే నేనేసుకుంటానండీ."

"కంపెనీది కావొచ్చు. మనకు ఏది ఇచ్చినా సగమే కద" అన్నాడు ఒక మెకానిక్.

అందరూ నవ్వుతూ తమ కాళ్లు చూసుకున్నారు. మా నాన్న కూడా చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది, కుడి కాలికి లేదు.

"నాదే. జారినట్టుంది" అన్నాడు.

టీ కొట్టు రోడ్డుకు అవతల ఉంది. చెప్పులు వేసుకుని నిలబడితేనే తారు సెగ నా అరికాళ్లకు తగులుతోంది. నాన్న వట్టి కాలితో ఆ రోడ్డు దాటి వచ్చి పావుగంట అయింది. చెప్పు లేదన్న సంగతి ఆయనకు దాన్ని చూశాకే తెలిసింది. డ్యూటీలో ఎప్పుడూ షూ వేసుకుంటాడు. లేసులు కట్టిన షూ జారిపోదు. సమ్మె లేకపోతే ఇది ఇంకెన్నాళ్లు బయటపడకుండా ఉండేదో.

నాన్న బస్సులు అద్దెకు తిప్పే ఒక కంపెనీలో డ్రైవరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఆ కంపెనీకి మూడు షెడ్లున్నాయి. అప్పటిదాకా తనే కడుతూ వచ్చిన ఆరోగ్య బీమా ప్రీమియాన్ని ఇకమీదట జీతాల్లో కోసుకుంటానని కంపెనీ నోటీసు అంటించింది. మర్నాడు మూడు షెడ్లవాళ్లూ బండ్లు ఆపి, సూర్యాపేట షెడ్డు ముందు టెంటు వేశారు.

నేను మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూస్తాను. యంత్రాల లోపాలు జాబితా రాయడమే నా రోజువారీ పని. నేను సెలవు మీద ఇంటికొచ్చానని తెలిసి యూనియన్ వాళ్లు నాకూ ఒక పని అప్పగించారు. లేబర్ ఆఫీసులో చర్చలకు వెళ్లేలోపు, ఎవరికి ఏ జబ్బుందో, బీమా ఎందుకు అవసరమో ఒక కాగితం తయారు కావాలి. నాలుగు గడులు గీశాను: పేరు, పని, జబ్బు, చూపించుకుంటున్న దవాఖాన. మెకానిక్‌లు, క్లీనర్లు వరసగా చెప్పారు. నడుము, బీపీ, ఒకాయన భార్యకు థైరాయిడ్. డ్రైవర్లు మాత్రం అందరూ ఒకే మాట చెప్పారు: "ఏం లేదు."

"ఏం లేకుంటే సమ్మె ఎందుకు?" అని విసుక్కున్నాను.

కోదాడ డ్రైవరు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "చూడబ్బాయ్, షుగరని రాస్తే రేపు స్టీరింగ్ మీంచి దింపేస్తారు. బీమా ఉంటది, బండి పోద్ది. అప్పుడా కార్డు మెడలో ఏసుకుని తిరగమంటావా?"

నాన్నకూ షుగరుంది. ఆయన వరసలో కూడా నేను "ఏం లేదు" అనే రాశాను. ఇదంతా చెప్పు దొరకడానికి ముందు రోజు సంగతి.

చెప్పు దొరికిన సాయంత్రం ఇంట్లో నాన్నను మంచం మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకొమ్మన్నాను. చీపురు పుల్ల తీసుకున్నాను. ఎడమ కాలికి తాకించాను. "బొటనవేలు" అన్నాడు. సరిగ్గానే చెప్పాడు. తర్వాత కుడి కాలి బొటనవేలికి ఆనించాను. ఏమీ అనలేదు. పుల్ల వంగేదాకా నొక్కాను.

"ఇంక పెట్టవేందిరా?" అన్నాడు.

"పెట్టిన నాయినా."

కళ్లు తెరిచి, వంగి ఉన్న పుల్లను చూశాడు. బ్రేకు తొక్కేది ఆ కాలే.

నాన్నకు ఒక పద్ధతి ఉంది. డ్యూటీ దిగాక బండి లోపాలను లాగ్ షీటులో రాస్తాడు. బ్రేకు సంగతి రాశాడంటే, మెకానిక్ చూసి దాని పక్కన సంతకం పెట్టేదాకా ఆ బండి తియ్యడు. ఒకసారి మిర్యాలగూడ ట్రిప్పు దీనివల్లే గంట ఆలస్యమైతే మేనేజరు చేత తిట్లు తిన్నాడు కానీ సంతకం లేకుండా తాళం ముట్టలేదు. ఆ మాట గుర్తు చేయాలనుకున్నాను. కానీ పుల్లను తీసి మూలన పడేశాను.

"లిస్టుల నాకేం రాసినవ్?" అని ఆయనే అడిగాడు.

"ఏం లేదని."

"పొద్దుగాల తే."

మర్నాడు టెంటులో నా చేతిలోంచి కాగితం తీసుకుని, తన వరసలో నేను రాసింది కొట్టేశాడు. దాని మీద లాగ్ షీటులో రాసినట్టే రాశాడు: "కుడి కాలు. స్పర్శ లేదు. చూడగలరు." కింద సంతకం పెట్టాడు.

"అన్నా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు కోదాడ డ్రైవరు.

"బండికైతే రాస్తలేమా? యాభై మంది ఎక్కుతరు."

కాగితం టెంటులో ఒక చుట్టు తిరిగింది. సాయంత్రం నా చేతికొచ్చేసరికి చాలామంది డ్రైవర్ల వరసల్లో కొట్టివేతలున్నాయి. కోదాడ డ్రైవరు అందరికన్నా చివర, చాలా చిన్న అక్షరాలతో "షుగరు" అని రాశాడు.

చర్చలు మూడుసార్లు జరిగాయి. చివరికి ప్రీమియం కంపెనీయే కట్టడానికి ఒప్పుకుంది. మందులతో జబ్బు అదుపులో ఉన్నవాళ్లు బండి నడపొచ్చన్నారు. కోదాడ డ్రైవరు అలా స్టీరింగ్ నిలబెట్టుకున్నాడు. నాన్నకు మాత్రం, స్పర్శ తిరిగొచ్చేదాకా వద్దని డాక్టరు రాశాడు. తిరిగొస్తుందని మాత్రం రాయలేదు. ఇప్పుడు నాన్న షెడ్డు గేటు దగ్గర కూర్చుని, వచ్చిన బండ్ల లాగ్ షీట్లు తీసుకుంటున్నాడు.

మొన్న ఆయన్ను మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్లాను. బస్సు నడిపింది కోదాడ డ్రైవరే. "అన్నా, ఎట్టా తోలుతున్నానో మార్కులెయ్యి" అన్నాడు అద్దంలో చూస్తూ. నాన్న నవ్వాడు. ఊరు దాటాక ఒక ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. డ్రైవరు బ్రేకు వేయకముందే, ముందు సీట్లో నా పక్కనున్న నాన్న కుడికాలి షూ నేలరేకు మీద గట్టిగా నొక్కుకుంది. బస్సు నెమ్మదించింది. ట్రాక్టరు దాటిపోయింది.

షూ ఇంకా అలాగే నొక్కి ఉంది. నేను చూసి, కాసేపాగి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. అప్పుడు కిందికి చూసుకుని కాలు తీశాడు.