మిగిలిపోయిన బటన్

ఈ పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తీస్తే, అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడు చేయాలా తర్వాతా అని అడిగింది. తర్వాత అన్నాను. పది రోజులుగా అదే అంటున్నాను. ముప్పై ఏళ్లు రేడియోలూ టీవీలూ విప్పి బిగించినవాడికి ఈ భయమేమిటని నా భార్య నవ్వింది. తెలియక కాదు ఆమె నవ్వడం. మా బావ చేసిన ఒక్క అప్‌డేట్ మా ఇంట్లో ఎనిమిది నెలలు తినేసింది. అప్పటి నుంచి ఆ మాట కనబడితే నా వేలు దానంతట అదే వెనక్కి వస్తుంది.

గీదంలో బస్టాండు వెనక నాది చిన్న రిపేరు దుకాణం. అక్కా బావా కోంటా వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునేవాళ్లు. అక్కకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాక, ఆసుపత్రికి దగ్గరని ఇద్దరినీ తెచ్చి దుకాణం వెనక గదిలో పెట్టాను. అక్కకు మాట పోయింది గాని తెలివి ఎక్కడికీ పోలేదు, అదే కష్టం. నీళ్లడిగిందనుకుని నీళ్లిస్తే గ్లాసు తోసేసేది. ఫోన్‌లో బొమ్మలు పెట్టి, బొమ్మ మీద వేలు ఆనిస్తే మాట వినబడే ఏర్పాటు చేసి చూశాను. నలభై ఏళ్లు నాట్లు వేసి, చింతపండు గింజలు తీసి, కాయలు కాసిన ఆ బొటనవేలిని ఫోన్ అద్దం గుర్తించనే లేదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషనూ అంతే, అక్కను మొదటిసారికే ఒప్పుకున్న పాపాన పోలేదు. ఆమెకు నొక్కితే కిందికి దిగే అసలైన బటన్లు కావాలి.

అవి ఒక ఆటల డబ్బాలో దొరికాయి. గనుల టౌన్‌షిప్ నుంచి బదిలీ అయిపోతూ ఒక కుటుంబం పాత సామానుతో పాటు నా దగ్గర వదిలేసిన గేమ్ కన్సోల్ అది. రెండు చేతుల్లో పట్టుకుని ఆడేది, మధ్యన తెర, అటూ ఇటూ బటన్లు. కంపెనీ ఆటలే కాక, ఎవరెవరో ఇళ్లలో కూర్చుని సరదాకు రాసిన ప్రోగ్రాములు కూడా అందులో ఎక్కించుకోవచ్చునని, వాటిని హోమ్‌బ్రూ అంటారని నెట్‌లో చదివాను. ఒక్కో బటన్‌కు ఒక్కో శబ్దం తగిలించే ప్రోగ్రాము ఒకటి వాటిలో కనబడింది. అయితే ఎక్కించడానికి ముందు డబ్బాను సిద్ధం చేయడమే పెద్ద తతంగం. లోపలి సాఫ్ట్‌వేర్ పాతదై ఉండాలి, ఎందుకంటే ఆ పాతదాని బ్రౌజర్‌లో ఉన్న లొసుగు గుండానే లోపలికి దూరాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, నడుమ ఆరిపోతే డబ్బా మళ్లీ లేవదు. మెమరీ కార్డు తుడిచి ఫార్మాట్ చేయాలి. లోపలున్నదంతా ముందే కాపీ తీసి దాచుకోవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ అప్‌డేట్ చేయకూడదు. ఆ చివరి ముక్క ఎర్ర అక్షరాల్లో ఉంది. దుకాణం మూసే ముందు కాస్త కాస్త చదువుతూ, చదివింది మరిచిపోతూ, అదంతా చేయడానికి నాకు వారం పట్టింది.

ఇక శబ్దాలు. అక్కకు చదువు రాదు కనుక నాకు వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ తగిలేది పొలం గట్టు మీద ఒక్కచోటే. అక్కడ నిలబడి, నేను అవతలి గట్టున ఉన్నట్టు అరిచి మాట్లాడేది. అందులోంచి మాటలు కత్తిరిస్తే అక్క తన గొంతుతోనే అడగగలదు కదా అనుకున్నాను. నా ఫోన్‌లో ఉన్నవన్నీ విన్నాను. నాకు నీళ్లు కావాలని గాని, నాకు నొప్పిగా ఉందని గాని అక్క ఎక్కడా అనలేదు. "నీళ్లు కాగవెట్టుకొని తాగు." "మోకాలు నొప్పి తక్కువైందా?" "సలి పెడ్తంది, చెవులకు గుడ్డ కట్టుకో." అన్నీ నా నీళ్లు, నా నొప్పి, నా చలి. వాటిలోంచే ఒక్కో మాట కోసి అక్కకు ఇచ్చాను. ఆ పని చేస్తుంటే సిగ్గేసింది. ఎనిమిది మాటలు కుదిరాక తొమ్మిదో బటన్ మిగిలిపోయింది. ఖాళీగా ఎందుకని ఒక మెసేజ్‌ను కోయకుండా ఉన్నదున్నట్టు దానికి పెట్టాను.

అంతా సిద్ధమైన ఆదివారం, డబ్బాను వైఫైకి కలిపి, ఛార్జింగులో పెట్టి, చివరి మెట్టు ఎక్కబోతుంటే ఎవరో డిష్ తిప్పమని పిలిచారు. తీగ ఊడకుండా చూడమని బావను కూర్చోబెట్టి వెళ్లాను. అప్‌డేట్ సంగతి చెప్పడం మరిచాను. ఆ తప్పు నాదే. ఆధార్ అప్‌డేట్, రేషన్ కార్డు అప్‌డేట్, పాస్‌బుక్ అప్‌డేట్ అంటూ తొలి బస్సెక్కి సుక్మా పోయి లైన్లలో నిలబడి బతికిన మనిషి మా బావ. చేయించుకోనివాళ్ల బియ్యం ఆగిపోవడం కళ్లారా చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క మాటను బస్సు బోర్డును గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. నేను తిరిగొచ్చేసరికి రెండు చేతులా తీగ పట్టుకుని, చెమటలు కారుతూ కూర్చుని ఉన్నాడు.

"అప్‌డేట్ అడిగింది బామ్మర్దీ, చేసిన. నడుమ కరెంటు పోయింది గాని ఆగలే."

"ఎందుకు చేసినవ్ బావా?"

"చెయ్యకుంటే బంద్ చేస్తరు గదా. ఏంది, తప్పాయెనా?"

ఏ లైన్లోనూ నిలబడకుండా జీవితంలో మొదటిసారి ఒక అప్‌డేట్ పూర్తి చేశానన్న సంతోషం ఆయన ముఖంలో ఇంకా పోలేదు. లొసుగు పూడిపోయింది, వెనక్కి తీసే మార్గం లేదు. నాకు కోపం రావలసింది, రాలేదు. ఒళ్లంతా అలసట వచ్చింది. మంచం మీద నుంచి అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు. జగ్దల్‌పూర్ దాకా వెతికి పాతది ఇంకొకటి తెచ్చాను, దాన్నీ ఎవరో అప్పటికే అప్‌డేట్ చేసి పెట్టారు. కొత్త దారి దొరికేదాకా ఆగమని నెట్‌లో రాశారు. ప్రతి ఆదివారం చూడడం, మూసేయడం. బావ మాత్రం పొద్దున లేచింది మొదలు "నీళ్లా? సలా? పక్క మార్చాల్నా?" అని వరసగా అడిగేవాడు. అక్క మొదట్లో తల అడ్డంగా ఊపేది, తర్వాత అదీ మానేసింది. బావ కంచంలో సగం అన్నం వదిలేసేవాడు. తినమని చెప్పే ఓపిక నాకూ లేకపోయింది.

చివరికి దారి దొరికింది. మళ్లీ మొదటి నుంచి అంతా సిద్ధం చేశాను. ఈసారి బావ గదిలోకే రానన్నాడు, పని అయిందని పిలిచేదాకా బయట మెట్టు మీదే కూర్చున్నాడు. డబ్బాను అక్క ఎడమచేతిలో పెట్టి ఒక్కో బటన్ నొక్కించాను. "నీళ్లు," అంది డబ్బా. తన గొంతు విని అక్క ఉలిక్కిపడింది. బావ గ్లాసుతో సిద్ధంగా నిలబడ్డాడు. అక్క గ్లాసు వంక చూడలేదు. అన్నీ ఒకసారి నొక్కి చూసి, తొమ్మిదోదాని దగ్గరికి మళ్లీ వెళ్లింది.

"తమ్మీ, తిన్నవా?"

వెనకాల గట్టు మీది గాలి, ఏదో మేక అరుపు. మూడేళ్ల కిందటి మెసేజ్ అది. ఆ రోజు దుకాణంలో గిరాకీ ఉండి, విని పక్కన పెట్టాను. దాని కింద నా జవాబు లేదు. అక్క నా వైపే చూస్తోంది.

"తిన్న, అక్కా," అన్నాను.

అప్పుడు బావ వైపు తిరిగి మళ్లీ అదే నొక్కింది. ఆ మెసేజ్‌లలో ఆయన కోసం ఒక్క మాటా లేదు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు మెసేజ్‌లు ఎవరు పెడతారు. "నన్ను గూడ తమ్మిని చేసినవా," అంటూ బావ గ్లాసు పట్టుకునే కింద కూర్చుండిపోయాడు. గ్లాసు పక్కన పెట్టి, "తినలే," అన్నాడు. "ఇప్పుడు తింట."

అక్క పోయి ఈ చింతపండు కాలానికి ఏడాది. నీళ్ల బటన్ కొత్తదానిలాగే ఉంది, తొమ్మిదోది మాత్రం అరిగిపోతే రెండుసార్లు మార్చాను. ఊరికి వెళ్లిపోతూ బావ డబ్బాను తీసుకెళ్లాడు. ఏం చేయకూడదో నేను చెప్పనక్కర్లేకపోయింది. అలాంటివన్నీ ఎర్ర అక్షరాల్లో రాసే ఉంటాయి. మనల్ని అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి ఎంత గడువుందో మాత్రం ఎవరూ ఎక్కడా రాసిపెట్టరు.