ఆకుపచ్చ తీగ

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా బావగారు మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువు చేస్తారు. కిందటి పంట వైరస్‌కి పోయింది. ఇది కూడా పోతే ఇక చెరువు వదిలేయడమే అనేవారు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే ముందే తెలిసే మీటరొకటి చేసిపెట్టమని మా అక్క నా ప్రాణం తోడేసింది.

చేశాను. సెన్సరుని ప్లాస్టిక్ డబ్బాకి కట్టి చెరువులో తేల్చాం. దాని రెండు తీగల మధ్య పుట్టే చిటికెడు వోల్టేజి తేడాని పెంచి చూపించే యాంప్లిఫయరు గట్టు మీద పెట్టెలో. మొదటిరోజే మీటరు ముల్లు నిండుగా చూపిస్తూ చివరికెళ్లి కూర్చుంది. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పినా అక్కడే, ఆపినా అక్కడే! ఒళ్లు మండిపోయింది. తర్వాత వెలిగింది. ఆ రెండు తీగలూ దేనికీ ఆనకుండా తేలుతున్నాయి, యాంప్లిఫయరు పీల్చే కాస్త కరెంటుకి తిరుగుదారి లేదు. ఏటా పాఠంలో నేను చెప్పే సంగతే. ఒక తీగ నుంచి సర్క్యూట్ బోర్డు గ్రౌండుకి, మధ్యలో రెసిస్టరు పెట్టి, పెట్టె బయటినుంచి ఆకుపచ్చ తీగ కలిపాను. ముల్లు బుద్ధిగా దిగొచ్చింది.

రొయ్యలు పట్టే రోజు దగ్గరపడుతుండగా ఓ తెల్లవారుజామున అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. వెళ్లేసరికి గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు. మీటరు ముల్లు మాత్రం నిండుగా చూపిస్తోంది.

"రాత్రంతా ఇంతేనయ్యా. ఆక్సిజన్ బాగుందిగా అని ఏరేటర్లు ఆపించేశాను" అన్నారు బావగారు.

పెట్టె దగ్గరికెళ్లి చూశాను. ఆకుపచ్చ తీగ తెగి ఉంది. కొసలకి నల్ల టేపు శుభ్రంగా చుట్టి ఉంది.

"ఇదెవరు కోశారండీ?"

"నేనే. ఆకుపచ్చదంటే ఎర్త్ తీగే కదా, నీళ్ల పక్కన వేలాడుతుంటే భయమేసింది. నిరుడు పక్క చెరువులో ఏరేటరు షాక్ కొట్టి మనిషి పోయాడు కదా. మనవాళ్లు నీళ్లలోకి దిగుతారు. ఎందుకొచ్చిందని నిన్న సాయంత్రం కత్తిరించేశాను."

ఆ మీటరు నడిచేది చిన్న బ్యాటరీ మీద. ఆ తీగ చేత్తో పట్టుకుని కూర్చున్నా ఎవరికీ ఏమీ కాదు. అది తెగితే మాత్రం ముల్లు మొదటిరోజులాగే చివరికెళ్లి కూర్చుంటుంది. ఎవరి మీద కోప్పడను? అక్క నా వంక చూస్తోంది, నేనేదో చెప్తానని. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"చెరువు ఎలాగూ పోయింది. మనుషులకి ఏమీ కాలేదు, అంతే చాలు. కోసి మంచి పనే చేశానా?" అన్నారు బావగారు.

టేపు చుట్టిన కొస ఇంకా నా చేతిలోనే ఉంది.

"మంచి పనేనండి బావగారూ" అన్నాను.